కాస్కేడ్ కొండల్లో నిలకడలేని మంచు: స్నోమొబైల్ బాటను బయలుదేరకముందే ఎలా ఎంచుకోవాలి?

నిదానం
అందరికీ నమస్కారం. మేము వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ వైపు నుంచి కాస్కేడ్ కొండలకు స్లెడ్లు, అంటే స్నోమొబైళ్లు, తీసుకెళ్తుంటాం. మాలో ఇద్దరు కొత్తవారు కాబట్టి ఏటవాలు మంచులోకి వెళ్లే ఉద్దేశం లేదు, గ్రూమింగ్ చేసిన, అంటే యంత్రంతో మంచును చదును చేసిన బాటలే మాకు చాలు. ఇబ్బందల్లా మంచుతోనే వస్తోంది. మ్యాపులో బాట చక్కగా కనిపిస్తుంది, వారం మధ్యలో కొండల మీద మంచు పడిందన్న వార్త కూడా వస్తుంది, తీరా శనివారం ఉదయం చేరేసరికి పార్కింగ్‌లో నీటి గుంటలు, బాట మొదట్లో కంకర తేలి ఉంటాయి. బాటల పేర్లు రాష్ట్ర పార్కుల శాఖవారి జాబితాలో దొరుకుతాయి కాబట్టి వాటిని అడగడం లేదు. శుక్రవారం రాత్రి ట్రక్కుకు ట్రైలర్ తగిలించే ముందు మీరు మొదట ఏ సమాచారం చూస్తారు, దేన్ని నమ్మరు అన్నది తెలుసుకోవాలని ఉంది.

దేవదారు
నిదానం గారూ, బాట పేరుతో వెతకడం మానేసి, ట్రైలర్ ఆపే చోటి ఎత్తుతో వెతకడం మొదలుపెట్టండి. మన కొండల్లో చలికాలపు తుఫానులు పసిఫిక్ మీదుగా వస్తాయి గనుక అవి పూర్తిగా చల్లగా ఉండవు. ఒకే తుఫానులో కింద వాన, పైన మంచు పడటం ఇక్కడ మామూలు విషయం. ఆ రెండింటినీ విడదీసే గీత ఒక వారం 1,500 అడుగుల దగ్గర ఉంటే మరుసటి వారం 6,000 అడుగులు దాటిపోవచ్చు, హవాయి వైపు నుంచి వెచ్చని తేమ ప్రవాహం వచ్చినప్పుడు ఇంకా పైకి పోతుంది. వాతావరణ సూచనలో సాధారణంగా చెప్పేది ఘనీభవన మట్టం, అంటే ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరే ఎత్తు. మంచు కరగకుండా నేలను తాకే ఎత్తు దానికి సుమారు వెయ్యి అడుగులు కిందుగా ఉంటుంది. ఘనీభవన మట్టం 4,000 అడుగులని చెబితే, 3,000 అడుగుల దగ్గర మొదలయ్యే బాట అంచు మీద ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు కనుమల ఎత్తులు చూడండి. స్నోక్వాల్మీ కనుమ 3,022 అడుగులు, స్టీవెన్స్ కనుమ 4,061, బ్లూయెట్ కనుమ 4,102, వైట్ పాస్ 4,500. సియాటిల్‌కు స్నోక్వాల్మీ అన్నిటికంటే దగ్గర కాబట్టి అందరి చూపూ మొదట అటే పోతుంది, కానీ వాన బెడద ఎక్కువగా ఉండేదీ అక్కడే. దగ్గరి బాటను ఎంచుకున్నామంటే తక్కువ ఎత్తును ఎంచుకున్నామన్నమాట. నా మటుకు వాన భయం ఉన్న వారంలో 4,000 అడుగుల పైన ట్రైలర్ ఆపగలిగిన చోటు దొరికితేనే బయలుదేరుతాను, ఇంకో గంట ప్రయాణం ఎక్కువైనా ఫరవాలేదనుకుంటాను.

రెండోగేరు
దేవదారు గారి మాటలో సగమే ఒప్పుకుంటాను. ఎత్తు ముఖ్యమే, అయితే కొండకు ఏ పక్కన ఉన్నామన్నది అంతకంటే ముఖ్యం. లేక్ వెనాచీ సరస్సు రెండు వేల అడుగుల ఎత్తు కూడా లేదు. దేవదారు గారి లెక్క ప్రకారం అక్కడికి ఎవరూ వెళ్లకూడదు, కానీ ఏళ్ల తరబడి స్లెడ్లు తిరుగుతున్న ప్రాంతమది. శిఖరరేఖకు తూర్పున ఉండటంతో అక్కడ గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. కొలంబియా నది పరివాహకంలో పేరుకున్న బరువైన చల్లగాలి లోయల్లోనే తిష్ఠ వేసి కూర్చుంటుంది, కొన్నిసార్లు కనుమల గుండా పడమటికి కూడా తన్నుకొస్తుంది. అందువల్ల పడమటి వాలులో 3,000 అడుగుల దగ్గర వాన పడుతున్న గంటలోనే తూర్పు లోయలో అంతకంటే కింద మంచు పడుతుండవచ్చు. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి అడుగులకు ఉష్ణోగ్రత సుమారు మూడున్నర ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క ఇలాంటి రోజుల్లో తలకిందులవుతుంది.

తూర్పు వాలుకూ ఒక లోపం ఉంది. మేఘాలు తమ తేమనంతా పడమటనే దించేసి వస్తాయి కాబట్టి అక్కడ పడే మంచే తక్కువ. పడినది నిలుస్తుంది, కానీ పడాలి కదా.

నిదానం
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎత్తు, పక్క రెండూ కలిపి చూడాలని అర్థమైంది. కొండ మీది కొలత కేంద్రాల లెక్కలు చూడమని ఒక మిత్రుడు చెప్పారు. ఆ గ్రాఫు తెరిస్తే మంచు లోతుకు ఒక గీత, నీటి పరిమాణానికి మరో గీత కనిపించాయి. ఒక గీత దిగుతుంటే మరొకటి ఎక్కుతోంది. దాన్ని ఎలా చదవాలి?

హిమలెక్క
ఇది నాకు ఇష్టమైన విషయం కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. ఆ కేంద్రాలను స్నోటెల్ అంటారు. అమెరికా వ్యవసాయ శాఖ కింద ఉన్న సహజ వనరుల సంరక్షణ విభాగం వీటిని నడుపుతుంది, పశ్చిమ రాష్ట్రాల కొండల్లో 900కు పైగా ఉన్నాయి. నేల మీద గడ్డకట్టని ద్రవం నింపిన పెద్ద దిండు ఒకటి పరచి ఉంటుంది, దాని మీద పేరుకున్న మంచు బరువును బట్టి అందులో ఎన్ని అంగుళాల నీరు ఉందో తెలుస్తుంది. పైన స్తంభానికి అమర్చిన పరికరం ధ్వని తరంగాలు పంపి లోతు కొలుస్తుంది. (ఉపగ్రహాలూ సెల్ టవర్లూ ఇంతగా లేని తొలి రోజుల్లో ఈ కేంద్రాలు తమ సంకేతాలను ఆకాశంలో ఉల్కలు మండి వదిలిన చారల మీద పరావర్తనం చెందించి పంపేవి. ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యమే.)

చదివే పద్ధతి ఇది. ఉదాహరణకు గురువారం సాయంత్రం లోతు 42 అంగుళాలు, నీరు 12 అంగుళాలు అనుకుందాం. శుక్రవారం ఉదయానికి లోతు 37కు దిగింది, నీరు 12 దగ్గరే ఉంది. అంటే మంచు కరగలేదు, తన బరువుకు తానే కుదించుకుంది. బాటకు ఇది మేలే. రెండో సందర్భంలో లోతు 37కు దిగి నీరు 11కు తగ్గితే నిజంగా కరిగి కిందికి పోతోందని అర్థం. మీరు చూసినది మూడో సందర్భం, లోతు దిగుతూ నీరు 13కు పెరగడం. మంచు మీద వాన పడింది, ఆ నీటిని మంచు స్పాంజిలా పీల్చుకుని బరువెక్కింది. తర్వాత చలి వస్తే ఆ పొరంతా గట్టి గడ్డ అవుతుంది. చలి రాకపోతే బురదలాంటి తడిమంచు మిగులుతుంది. గ్రాఫులో ఉష్ణోగ్రత గీతను కూడా పక్కన పెట్టుకుని చూస్తే ఈ రెంటిలో ఏది జరగబోతోందో శుక్రవారం రాత్రికే తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. కేంద్రం ఎక్కడుందో చూడకుండా దాని అంకెను నమ్మవద్దు. స్టాంపీడ్ కనుమ కేంద్రం 3,850 అడుగుల దగ్గర ఉంది. అటు వెళ్లే బాటలకు మనం ట్రైలర్ ఆపేది క్రిస్టల్ స్ప్రింగ్స్‌లో, అది కీచెలస్ సరస్సు నీటిమట్టం కంటే కిందుగా, 2,500 అడుగుల లోపు ఉంటుంది. పైన కేంద్రంలో నాలుగడుగుల మంచు చూపించే రోజున కింద పార్కింగ్ దగ్గర వాన పడి మట్టి తేలి ఉండవచ్చు, రెండూ నిజమే. బ్లూయెట్ కనుమ దగ్గరి కేంద్రం అలా కాదు, దాదాపు పార్కింగ్ ఎత్తులోనే ఉంటుంది కాబట్టి అది చెప్పేది నేరుగా మనం దిగే చోటి కథే. పైగా ఈ కేంద్రాలను గాలి తాకిడి తక్కువగా ఉండే అడవి మధ్య ఖాళీల్లో పెడతారు. గాలి ఊడ్చేసే రోడ్డు మీద గానీ, కొమ్మలు మంచును పైనే పట్టేసుకునే దట్టమైన చెట్ల కింద గానీ అంత మంచు ఉండదు.

రెండోగేరు
హిమలెక్క గారు చివర్లో చెప్పిన మాట చాలామందికి తట్టదు. మన బాటల్లో ఎక్కువ భాగం వేసవిలో అటవీ శాఖ రోడ్లే. బాట ఎక్కడ పాడవుతుందో తెలుసుకోవాలంటే మొదటి రెండు మైళ్లు ఎలా ఉన్నాయో అడగండి. పైన ఎంత మంచున్నా కింద కంకర తేలితే అక్కడికి చేరలేరు. ఎండ నేరుగా పడే దక్షిణపు మలుపులు, తూముల మీది గతుకులు, పెద్ద చెట్ల కింది నీడ భాగాలు ముందుగా దెబ్బతింటాయి. దక్షిణపు మలుపులో ఎండ కరిగిస్తుంది, చెట్ల కింద అసలు పడేదే తక్కువ.

గ్రూమింగ్ నివేదికలో తేదీ ఒక్కటే చూసి సంతోషపడవద్దు. గ్రూమర్ యంత్రం రాత్రిపూట నడిచాక ఆ మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడటానికి కొన్ని గంటల చలి కావాలి. వెచ్చని రాత్రి చదును చేసిన బాట మధ్యాహ్నానికి దున్నిన పొలంలా అవుతుంది. మంచు మరీ పల్చగా ఉంటే యంత్రం బ్లేడుకు రాళ్లు తగులుతాయి కాబట్టి అసలు నడపరు. వారం రోజులుగా గ్రూమింగ్ లేదంటే సిబ్బంది బద్ధకమని కాదు, అక్కడ మంచు చాలడం లేదని ముందుగా అనుమానించాలి.

ట్రైలర్‌వాలా
యంత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. నీటితో చల్లబడే ఇంజిన్ ఉన్న స్లెడ్‌కు వేడి తగ్గించే గొట్టాలు ట్రాక్ (కింద తిరిగే పళ్ల బెల్టు) పైనున్న సొరంగంలాంటి ఖాళీ లోపల ఉంటాయి. ట్రాక్ ఎగజిమ్మే పొడిమంచు వాటికి తగిలితేనే ఇంజిన్ చల్లబడుతుంది. ట్రాక్ లోపలి ప్లాస్టిక్ పట్టీలకు కూడా మంచే కందెన. గడ్డకట్టిన బాట మీద పొడి లేవదు కాబట్టి పైకి అంతా తెల్లగా అందంగా కనిపిస్తున్నా యంత్రం లోపల ఉడికిపోతుంటుంది, పట్టీలు కరిగి అరిగిపోతాయి. అందుకే మన ప్రాంతంలో తిరిగేవారికి ఐస్ స్క్రాచర్లు తప్పనిసరి అంటాను. వెనక వేలాడే ఆ తీగలు గట్టి మంచును గీరి తునకలను పైకి విసురుతాయి. కొనేటప్పుడు రివర్స్‌లో వెళ్లినా విరగనివి చూసుకోండి.

నిదానం గారి స్లెడ్లు కొండల్లో తిరిగే రకం, అంటే పొడవైన ట్రాక్, ఎత్తైన పళ్లు ఉన్నవైతే గట్టి బాట మీద ఇంకా త్వరగా వేడెక్కుతాయి. ఉష్ణోగ్రత హెచ్చరిక వెలిగితే బాట అంచున మిగిలిన మెత్తటి మంచులోకి దించి కాసేపు నడపండి. అక్కడ కూడా మెత్తటి మంచు లేదంటే ఆ రోజుకు అది బాట కాదు.

పడమటిగాలి
చూడదగినవి మరో రెండు ఉన్నాయి. రాష్ట్ర రవాణా శాఖ కనుమల దగ్గర పెట్టిన కెమెరాలు బాటను చూపించవు గానీ, రోడ్డు పక్కన మంచు గట్టు ఎంత ఎత్తుందో, చెట్ల కొమ్మల మీద తెలుపు ఉందో లేదో చూపిస్తాయి. కొమ్మలు నల్లగా తడిసి కనిపిస్తే వాన పడిందని అర్థం. రెండోది సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు. ఐదు రోజులకొకసారి, పది మీటర్ల వివరంతో వస్తాయి కాబట్టి అటవీ రోడ్డు గీత కూడా కనిపిస్తుంది. మామూలు రంగుల్లో మేఘమూ మంచూ ఒకేలా తెల్లగా ఉంటాయి. స్వల్ప తరంగదైర్ఘ్యపు పరారుణ కాంతిని (SWIR) కలిపిన చిత్రాన్ని ఎంచుకుంటే మంచు నీలంగా, మేఘం తెల్లగా విడిపోతాయి, ఎందుకంటే మంచు ఆ కాంతిని పీల్చేస్తుంది. చలికాలంలో మన కొండలు వారాల తరబడి మేఘాల కిందే ఉంటాయి, అప్పుడు ఇది పెద్దగా అక్కరకు రాదు. మార్చి తర్వాత మాత్రం బాగా పనికొస్తుంది.

సరిహద్దు
మంచు ఉన్నచోటల్లా నడపవచ్చనే అపోహకు ఎవరూ లోనుకాకూడదని ఈ నాలుగు మాటలు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద ప్రకటించిన ప్రాంతాల్లో మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. స్నోక్వాల్మీ, స్టీవెన్స్ కనుమల మధ్య ఉన్న ఆల్పైన్ లేక్స్ ప్రాంతాన్ని 1976లో అలా ప్రకటించారు. పల్చటి మంచు ఉన్న ఏడాది అందరి చూపూ పైకే పోతుంది, ఎక్కుతూ పోతే తెలియకుండానే ఆ హద్దు తగులుతుంది. మంచు కప్పిన శిఖరం మీద కంచె గానీ, ప్రతిచోటా బోర్డు గానీ ఉండదు. హద్దు గీతలున్న మ్యాపును ఫోన్‌లో ముందే దించుకుని వెళ్లాలి. మంచు మీద నడిచే వాహనాలకు ఏ ప్రాంతాలు తెరవాలో నిర్ణయించి మ్యాపు ప్రచురించాలని అటవీ శాఖ 2015లో నియమం చేసింది. మీరు వెళ్లే అడవికి అలాంటి మ్యాపు ఉంటే దానిదే తుది మాట.

ఇంకొకటి. స్నో-పార్కులన్నీ (చలికాలంలో మంచు ఆటలకు వచ్చేవారు బళ్లు ఆపే చోట్లు) మనవి కావు. హయాక్, క్యాబిన్ క్రీక్ వంటివి స్కీయింగ్ చేసేవారి కోసం ఉన్నవి, అక్కడ స్లెడ్ దించకూడదు. గ్రూమింగ్ ఖర్చు స్నోమొబైళ్ల రిజిస్ట్రేషన్ రుసుము, ఇంధన పన్నులో వాటా నుంచే వస్తుంది, కాబట్టి రిజిస్ట్రేషన్ గడువు తీరకుండా చూసుకోవడం మన బాటకు మనం చేసుకునే మేలే.

నిదానం
ఇన్ని విషయాలు ఒకేచోట దొరకడం మా అదృష్టం. ఇక అసలు పరీక్ష. ఈ వారం సూచన ఇలా ఉంది: గురువారం ఘనీభవన మట్టం 7,000 అడుగులు, రోజంతా వాన. శుక్రవారం మధ్యాహ్నం నుంచి 2,500కు పడిపోతుంది, రాత్రికి మూడు నాలుగు అంగుళాల కొత్త మంచు. శనివారం పొడిగా, చల్లగా. మీరైతే ఎటు వెళ్తారు?

దేవదారు
నేనైతే బ్లూయెట్‌కు వెళ్తాను. గురువారం వాన 7,000 అడుగుల వరకూ పడుతుందంటే ఏ పార్కింగూ తప్పించుకోదు, ఎత్తు ఈసారి మనల్ని కాపాడదు. పడమటి తడి ఎక్కువగా చేరని చోటు చూసుకోవాలి. శనివారం కింద గట్టి గడ్డ, పైన కొద్దిపాటి పొడి ఉంటాయి. ట్రైలర్‌వాలా గారు చెప్పిన స్క్రాచర్లకు సరిగ్గా ఇదే పని.

హిమలెక్క
శుక్రవారం రాత్రి పడుకునే ముందు బ్లూయెట్ కేంద్రం గ్రాఫు ఒకసారి చూడండి. గురువారం వానకు నీటి గీత పెరిగి నిలిచిందా, పెరిగి మళ్లీ జారిందా అన్నదే ప్రశ్న. నిలిచి ఉంటే అడుగు పొర బతికే ఉందని అర్థం. జారి ఉంటే నాలుగు అంగుళాల కొత్త మంచు కంకరను కంటికి కనబడకుండా కప్పుతుందే తప్ప స్లెడ్ బరువుకు ఆగదు, నలిగితే అంగుళమో రెండో మిగులుతుంది. పల్చటి కొత్త మంచు కప్పిన కంకర కంటే బయటికి తేలిన కంకరే నయం, కనీసం కనబడుతుంది.

శిఖరరేఖ
ఇంతవరకూ ఎవరూ అవలాంచ్‌ల, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడటం గురించి ప్రస్తావన తేలేదు. మంచు మీద వాన పడిన వెంటనే, ముఖ్యంగా మొదటి గంటల్లో, వాలులు జారే ప్రమాదం బాగా పెరుగుతుంది. తర్వాతి చలి తడిసిన పొరను బిగించేస్తుంది, అది మంచిదే, కానీ ఆ నున్నటి గడ్డ మీద పడే కొత్త మంచుకు పట్టు దొరకదు. నిదానం గారు బాట వదలనన్నారు, అయినా కొన్ని బాటలు 30 నుంచి 45 డిగ్రీల వాలుల కింద నుంచే పోతాయి. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలంలో ప్రతిరోజూ ప్రాంతాలవారీగా ఒకటి నుంచి ఐదు వరకు ప్రమాద స్థాయి ప్రకటిస్తుంది. తూర్పు వాలులకు విడిగా సూచన ఉంటుంది, స్నోక్వాల్మీ సూచన చదివి బ్లూయెట్ వెళ్లకండి. ప్రతి మనిషి ఒంటి మీద ట్రాన్స్‌సీవర్ (మంచులో కూరుకుపోయినవారిని కనిపెట్టే రేడియో పరికరం), వీపున పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవైన కడ్డీ) ఉండాలి, స్లెడ్ సంచిలో కాదు. ఫోన్, వేడి చేతితొడుగుల బ్యాటరీల వంటివి ట్రాన్స్‌సీవర్‌కు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడైతే 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి.

పడమటిగాలి
నాదొక భిన్నాభిప్రాయం. డిసెంబరు, జనవరిల్లో ఇంత తంటాలు పడేకంటే కొత్తవారిని ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల మధ్య తీసుకెళ్లడం మేలు. ఎగువన మంచు నీటి పరిమాణం అత్యధికంగా ఉండేది ఏప్రిల్ 1 ప్రాంతంలోనే. పగలు పొడుగు, అడుగు పొర కుదురుకుని ఉంటుంది, ఉదయాన్నే వెళ్లి మధ్యాహ్నానికి మెత్తబడకముందే తిరిగి రావచ్చు.

రెండోగేరు
అన్ని ఏళ్లూ అలా రావు. 2014-15 చలికాలాన్ని గుర్తు తెచ్చుకోండి. రాష్ట్రంలో వర్షపాతం దాదాపు మామూలుగానే ఉంది, అది మంచుగా కాక వానగా పడింది. 2015 మే నెలలో గవర్నర్ రాష్ట్రమంతటా కరువు ప్రకటించేనాటికి కొండల మీది మంచు మామూలులో 16 శాతమే మిగిలింది. ఏప్రిల్ కోసం ఆగినవారికి ఆ ఏడు ఏమీ దక్కలేదు. చేతికందినప్పుడు జనవరిలోనే వెళ్లిరావాలని నా అభిప్రాయం.

నిదానం
ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. శనివారానికి బ్లూయెట్‌నే అనుకుంటున్నాం. ఒక్క సందేహం మిగిలింది. క్రిస్టల్ స్ప్రింగ్స్‌ను పూర్తిగా వదిలేయాలా, దారిలోనే ఉంది కదా అని ఒకసారి చూసి వెళ్లవచ్చా?

ట్రైలర్‌వాలా
చూడవచ్చు, ఆ రోడ్డుకున్న సౌకర్యమే అది. ఐ-90 రహదారి మీద 62వ ఎగ్జిట్ దగ్గర దిగి పార్కింగ్‌లో మంచు చూడండి. నచ్చకపోతే ట్రైలర్ వెనక్కి తిప్పే పని లేకుండా అదే దిశలో 85వ ఎగ్జిట్ దాకా పోయి, 970వ నంబరు రాష్ట్ర రహదారి మీదుగా యూఎస్ 97 రహదారి పట్టుకుంటే బ్లూయెట్ చేరతారు. స్టీవెన్స్ మీదుగా యూఎస్ 2లో బయలుదేరితే ఈ వెసులుబాటు ఉండదు, ఒకచోట మంచు లేకపోతే మరోచోటికి చుట్టుతిరుగుడు ఎక్కువ. శనివారాల్లో బ్లూయెట్ పార్కింగ్ పెందలాడే నిండుతుంది. ట్రైలర్‌ను బయటికి వెళ్లే దిక్కుకు తిప్పి ఆపండి, సాయంత్రం చుట్టూ బళ్లు కమ్మేశాక అక్కడ తిప్పుకోవడం కుదరదు.

నిదానం
అలాగే చేస్తాం. స్క్రాచర్లు రేపు బిగిస్తున్నాను. శుక్రవారం రాత్రి గ్రాఫు చూశాక లోతు, నీటి అంకెలు ఇక్కడే రాస్తాను, హిమలెక్క గారు ఒకసారి చూసి చెబితే బయలుదేరతాం.

హిమలెక్క
తప్పకుండా. ఉష్ణోగ్రత ఏ గంటకు 32 కిందికి దిగిందో కూడా రాయండి. గ్రూమర్ నడిచే సమయానికి ముందా తర్వాతా అన్నది దాన్ని బట్టే తేలుతుంది.